భోజనాల గదిలో సుద్దగీత

మా దొర వోల్‌ప్రెష్ట్ పేరుకే దొర. ఉన్న ఒక్క పాత కోటలో సగం కేథలిక్ బిషప్ ఏలుబడి, సగం పునీతుల పండుగలూ ఉపవాసాలూ లేని లూథర్ మతం పుచ్చుకున్న డ్యూక్ ఏలుబడి. సరిహద్దు భోజనాల గది మధ్యగా పోతుంటే దాని మీద సుద్దగీత గీయించాడు. ముప్పై ఏళ్లు వండిపెట్టాను, నాకు తెలుసు: పునీతుల పండుగలకు పని ఎగ్గొట్టి బిషప్ వైపు పడుకునేవాడు, ఉపవాసాలకు డ్యూక్ వైపు కూర్చుని పంది మాంసం లాగించేవాడు.

ఒక శుక్రవారం, బిషప్ మతంలో మాంసం మాని చేపతో సరిపెట్టుకునే రోజున, బిషప్ పంపిన పాద్రీ ఊడిపడ్డాడు.

"ఇవాళ మాంసమా? సిగ్గులేదూ!"

"నేనున్నది డ్యూక్ నేల మీద పాద్రీగారూ. మీకు అటువైపు చేప పెట్టించాను, కానివ్వండి."

పాద్రీ ముళ్లు ఏరుకుంటూ దొర పళ్లెం వంకే చూశాడు. చివరికి నన్ను పిలిచాడు.

"అమ్మా ఊర్సులా, ఇక్కడ చలిగాలి కొడుతోంది. నా కుర్చీ కాస్త గీత అవతలికి జరుపు."