రథం కింద తల్లి

1942 వేసవి. జపాను వాళ్ళు బాంబులు వేస్తారన్న భయంతో మద్రాసు సగానికి సగం ఖాళీ అయింది. నేను పనిచేసే దుకాణం యజమాని కూడా తలుపుకు తాళం వేసి చేతులు దులుపుకున్నాడు. దొరల ఇళ్ళలోని పాత ఆయిల్ పెయింటింగులను శుభ్రం చేసి, చిరిగిన కాన్వాసులు అతికి, ఫ్రేములు కట్టే దుకాణం అది. ఆ విద్య తప్ప మరొకటి రానివాణ్ణి. నరసరావుపేట చేరి, బజారులో చిన్న గది తీసుకుని, దేవుడి పటాలకు అద్దాలు బిగించుకుంటూ కూర్చున్నాను. భార్య పోయి అప్పటికే చాలా కాలమైంది. పగలంతా సుత్తి చప్పుడైనా తోడుండేది, దుకాణం కట్టేశాక అదీ లేదు. పేటలో పలకరించే వాళ్ళకు కొదవలేదు గాని, నా పని గురించి మాట్లాడుకుందామంటే ఒక్క ప్రాణి లేదు.

ఒకనాడు రాజుపాలెం దగ్గరి పల్లె నుంచి యల్లమంద అనే పాలేరు వెతుక్కుంటూ వచ్చాడు.

"మా కోటమ్మగారింట్లో రుక్మిణమ్మ పటం మసిబారింది. చానా పెద్దది. నువ్వు మద్రాసులో ఇదే పని చేసేవోడివంటగా?"

ఏ తంజావూరు పటమో అనుకుని నా పెట్టె సర్దుకున్నాను. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సులో కొంత దూరం, ఆపైన ఎద్దుబండి. బండిలో యల్లమంద నన్ను హెచ్చరించాడు. "ఆ ఇంట్లో అనసూయమ్మ పేరు మాత్తరం ఎత్తబాక. అమ్మగారి ఒక్కగానొక్క కూతురు. ఇంటికి ఎల్ల వెయ్యటానికి సున్నం తెచ్చినోడితో ఎల్లిపోయింది. కులం వేరు. పిల్ల బతికుండగానే అమ్మగారి మరిది పిండం పెట్టేశాడు. పొలాలన్నీ ఆయన చేతిలోయేగా! ఆవిడ నోరు మూసుకుంది."

కోటమ్మగారికి అరవై దాటి ఉంటాయి. భర్త లేడు. అంత పెద్ద మిద్దెలో ఆమె, వంటింట్లో ఒక పిల్లి. నడవ దాటి హాల్లో అడుగుపెట్టి గోడ వైపు చూసి పెట్టె కింద పెట్టేశాను. అది తంజావూరు పటం కాదు, అచ్చు పటమూ కాదు. బరోక్ పద్ధతిలో వేసిన ఆయిల్ పెయింటింగు. మూడు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో పుట్టిన పద్ధతి అది. చుట్టూ చీకటి, ఒక పక్కనుంచి వెలుగు, మెలి తిరిగిన ఒళ్ళు. చీకటింట్లో మనిషి మొహాన దీపం పెట్టి చూసినట్టుంటుంది. నల్ల గుర్రాలు కట్టిన రథం, దాని మీద గడ్డపు మనిషి, అతని చేతుల్లో ఒక పిల్ల. మద్రాసులో ఎవరో దొర ఇల్లు ఖాళీ చేస్తూ వేలం వేస్తే కోటమ్మగారి భర్త కొని తెచ్చాడట. అసలో, నకలో నేను చెప్పలేను. నకలైనా గట్టి చెయ్యే.

"రుక్మిణీ కల్యాణం నాయనా. కిష్ణమూర్తి ఎత్తుకుపోతున్నాడు," అంది ఆమె.

"గడ్డం ఉందేమిటమ్మా?" అన్నాను.

"దొరలు గీసిన కిష్ణుడు గదా. ఆళ్ళకి గడ్డం ఇష్టమేమో."

నవ్వు ఆపుకున్నాను. పిల్ల ఒంటి మీద ఎర్ర రవిక ఒకటి ఉంది. ఇంటాయన ఎవరో నాటకాల తెరలు రాసేవాడి చేత వేయించాడట. అసలు బొమ్మ మీద తర్వాత పూసిన ఇలాంటి రంగును మేము ఓవర్‌పెయింట్ అంటాం. తీసేయడం మా ధర్మం. కానీ పల్నాటి ఇంట్లో, ఆ తల్లి ఎదురుగా, ఆ రవిక జోలికి పోయేంత ధైర్యం నాకు లేదు.

పటానికి కింది సగం కాటుకలా ఉంది. కారణం కళ్ళెదుటే కనిపిస్తోంది. ఫ్రేము కింద పీట మీద దీపం, సాంబ్రాణి, కర్పూరపు పళ్ళెం. పిల్ల నుదుట చందనం బొట్టు.

"దీనికి పూజ ఎప్పటినుంచమ్మా?"

ఆమె వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా పిల్ల పోయిన కాడినుంచి. చిన్నప్పుడు దానికి రోజూ ఈ కథే చెప్పేదాన్ని. మనసైనవాడితో రుక్మిణమ్మ ఎట్టా పోయిందో చెప్పేదాన్ని. మా మరిది, ఈ పటమే పిల్లని చెడగొట్టింది, తగలెయ్యమన్నాడు. ఆ రోజే దీని కింద దీపం పెట్టా. దేవుడి పటాన్ని ఎవురు తగలేస్తారు?"

కూతురు ఎక్కడుందని అడగలేకపోయాను. ఆమే చెప్పింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర కాపురమని ఎవరో అన్నారట. రైల్లో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. "మాచర్ల రైలు కూత మా ఇంట్లోకి ఇనపడిద్ది. అది పోయేది ఆ ఊరి మీదుగానే," అంది. పిల్ల పోయిన ఈ పన్నెండేళ్ళలో ఆమె ఆ రైలు ఎక్కలేదు.

మరునాడు పని మొదలుపెట్టాను. ముందు ఒక మూల అంగుళం మేర టెస్ట్ క్లీనింగ్ చేయాలి. అంటే, మందు రంగును తినేస్తుందో లేదో చూసుకోవడం. పుల్లకు చుట్టిన దూదిని స్వాబ్ అంటాం. రంగు మీద మెరుగుకు పూసే వార్నిష్ తీయడానికి టర్పెంటైన్ వాడతాం గాని, దీపపు మసికి ఈ లోకంలో ఉమ్మిని మించిన మందు లేదు. రంగును నొప్పించదు, మసిని వదలదు. మద్రాసులో పెద్ద పెద్ద పనివాళ్ళందరూ చేసేది అదే. స్వాబును నాలుక మీద తడుపుకోవడం, రుద్దడం, పారేయడం. నాకది ఊపిరి పీల్చినంత అలవాటు. పూజ పటమన్న సంగతి తెలిసే, ఆమె వంటింట్లో ఉన్నప్పుడు మాత్రమే గోడకు తిరిగి ఆ పని చేశాను.

అడుగున మసి కరిగేకొద్దీ ముందు ఒక చెయ్యి బయటపడింది. తర్వాత కాగడా. తర్వాత ఒక మొహం. రథచక్రం పక్కన మోకాళ్ళ మీద పడి, పైకి చెయ్యి చాచిన పెద్దావిడ. నేను ఒళ్ళు మరిచిపోయాను. వెనక చెంబు కిందపడిన చప్పుడైతే గాని తిరగలేదు.

"ఏంది నాయనా అది! నోట్లో పెట్టి అమ్మవారికి రుద్దుతున్నావా! ఎంగిలి!"

స్వాబును వెనక దాచుకున్నాను. "అమ్మా, తప్పు లేదు. ఇది దేవుడి పటం కాదు," అనేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆమె చెంబు ఎత్తలేదు. అక్కడే గడప మీద కూర్చుంది.

"మరి ఎవురు?"

ఇక దాచి లాభం లేదు. గ్రీకు దేశపు పాత కథ అని చెప్పాను. పిల్ల పేరు పెర్సిఫొనీ. పూలు కోసుకుంటుంటే భూమి చీల్చుకుని వచ్చి ఎత్తుకుపోయినవాడు హేడిస్, చచ్చినవాళ్ళ లోకానికి రాజు. మన యముడి లాంటివాడు.

"అయితే దానికి ఇష్టం లేకుండానే ఎత్తుకుపోయాడా?"

"ఈ కథలో అంతేనమ్మా. మీ అమ్మాయి కథ అది కాదుగా."

ఆ మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియదు. లేచి పటం దగ్గరకు వచ్చింది. "ఈమె ఎవురు?"

"పిల్ల తల్లి. పేరు డిమీటర్. పంటల దేవత. అసలు కథలో ఆమె ఆ చోట లేదు. ఈ బొమ్మ వేసినాయన పట్టుబట్టి తెచ్చి పెట్టాడు."

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా? నా దీపం మసే గదా ఈమెని కప్పేసింది?"

నేను నల్లబడిన స్వాబును పెట్టెలో పడేశాను.

"ఏం చేసింది ఈ తల్లి?"

"కాగడా పట్టుకుని ఊరూరా వెతికింది. పిల్ల దొరికేదాకా భూమి మీద గింజ మొలవనివ్వలేదు. చివరికి దేవతలే దిగొచ్చారు. ఏడాదిలో కొన్ని నెలలు తల్లి దగ్గర, కొన్ని నెలలు మొగుడి దగ్గర అని తీర్పు చెప్పారు."

"ఎతికింది," అని గొణుక్కుంది. "నేను వాకిలి దాటలా."

మరునాడు పొద్దున్నే నన్ను పిడుగురాళ్లకు తోడు రమ్మంది. ఒంటరిగా టిక్కెట్టు తీసుకోవడం కూడా ఆమెకు తెలియదు. యల్లమంద బండి కట్టాడు. రైల్లో ఆమె ఒళ్ళో అరిసెల డబ్బా గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పిడుగురాళ్లలో చెట్లూ మనుషులూ అంతా తెల్లటి దుమ్ము. బట్టీల దగ్గర రాళ్ళు మోస్తున్న ఒక ముసలమ్మ గంప దించి చెప్పింది. "అనసూయా? వాళ్ళు కిష్ణ దాటి నైజాం వైపు పోయారు తల్లీ, రాళ్ళ గనుల్లో పనికి. కిందటేడే పోయారు. నువ్వెవురు?"

కోటమ్మగారు డబ్బాను ఇంకా గట్టిగా అదుముకుంది. ముసలమ్మే అంది. "ఇక్కడున్నన్నాళ్ళూ బండి వచ్చే యాళకి టేసను కాడికి పోయేది. ఎవురొస్తారే నీకు అంటే, మా అమ్మ దిగిద్దేమో అనేది. మేం నవ్వేవాళ్ళం."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ బండి కూతే రోజూ నేనూ ఇన్నా," అంది. అరిసెల డబ్బా ముసలమ్మ చేతిలో పెట్టి, అటు పోయే సున్నపు బండ్ల వాళ్ళెవరితోనైనా కబురు పంపమని బతిమాలింది. వాళ్ళమ్మ వచ్చి పోయిందని చెబితే చాలంది. తిరుగు రైలు వచ్చేదాకా స్టేషన్ బల్ల మీద, కూతురు నిలబడిన చోట, ఆమె కూర్చుంది. పక్కన నేను. నా బతుకులో అంత ఒంటరి బల్ల మీద ఎన్నడూ కూర్చోలేదు.

పటం శుభ్రం చేయడం పూర్తి చేశాను. ఈసారి నేను ఉమ్మి వాడుతుంటే ఆమె ఎదురుగానే కూర్చుని చూసింది. దీపం పీట తీసి వీధి అరుగు మీద పెట్టించింది. చివరి పూత వార్నిష్ కొన్ని నెలలు ఆగి వేస్తానని చెప్పి వచ్చేశాను. పేటలో మళ్ళీ అద్దాలు, మేకులు.

పంట ఇళ్ళకు చేరాక వార్నిష్ డబ్బా పట్టుకుని వెళ్ళాను. హాల్లో నిచ్చెన వేసుకుంటుంటే ఒకామె మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళ చివరలు సున్నానికి పగిలి ఉన్నాయి.

"మా అనసూయ," అంది కోటమ్మగారు. ఆ ఇంట్లో ఆ పేరు గట్టిగా వినడం అదే మొదటిసారి.

"మీ మరిదిగారు?"

"వాకిట్లో నిలబడి అరిచాడు. నీ ఇంట్లో చచ్చిందేమో గాని, నా ఇంట్లో మజ్జిగ చిలుకుతోంది పోవయ్యా అన్నా."

అనసూయ ఉగాది దాకా ఉంటుందట. ఆ తర్వాత మొగుడి దగ్గరికి పోతుంది. మళ్ళీ కోతలకు వస్తుంది. "మిగతా నెలలు ఎట్టాగూ ఒక్కదాన్నే," అని పటం అడుగు వైపు చూసింది. "ఆ తల్లికీ అంతేగా."

ఆ తర్వాత ఏ పటం నా బల్ల మీదికి వచ్చినా, నడిమి దేవుణ్ణి కాదు, ముందు అడుగు అంచును చూస్తాను. మసి ఎక్కువ పట్టేది అక్కడే. వెనక మిగిలిపోయిన మనిషి ఉండేదీ అక్కడే. ఈ పని నాకు నేర్పింది అది.

వార్నిష్ ఆరాక పెట్టె సర్దుకుంటుంటే కోటమ్మగారు అడిగింది. "నీకెవురూ లేరా నాయనా?"

"లేరమ్మా."

ఆమె నా పెట్టె మూత వేసింది. "అయితే ఆ వార్నిష్ ఏదో ఏటేటా వచ్చి వేసిపో. పిల్ల పోయాక రా. ఇల్లు బావురుమంటది."

సరేనన్నాను. వార్నిష్ ఒకసారి వేస్తే ఇరవై ఏళ్ళదాకా మళ్ళీ చూడనక్కర్లేదు. ఆ మాట ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు.