వేడి గంజిలో కలిపిన పొడి

వడ్ల ఊక కాలిన వాసన వస్తే నేను ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. ఆ వానాకాలం బాపు ఆలేరు రైసుమిల్లు నుంచి బండెడు ఊక తెచ్చి, వాకిట్లో మంట లేవకుండా రెండు రోజులు కాల్చి, నీళ్లు చల్లి బొగ్గు చేశాడు. తల వెంట్రుకల్లో పొగ, అన్నంలో పొగ, మగ్గం మీద చీరకూ పొగే.

ఊకబొగ్గు నారుమడిలో కలిపితే మా ఎర్రనేల గుల్లబారుతుందని, మేలుచేసే సూక్ష్మజీవుల పొడిని గంజిలో కలిపి మొలకెత్తిన విత్తనాలకు పట్టిస్తే వరి వేళ్లు బలపడతాయని వ్యవసాయం సారు చెప్పి, ఒక పొట్లం ఇచ్చాడట. మాది నేత ఇల్లు. బాయి నీళ్ల కింద ఎకరం పొలం, దానికి దాచిన విత్తనం ఒక్క బస్తా. అది పోతే ఆ ఏడు మాకు వడ్లు లేనట్టే.

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనేనని పొట్లంతో వచ్చిన కాగితం బాపు నాకిచ్చాడు. గంజి పూర్తిగా చల్లారాకే పొడి కలపాలని, వేడి తగిలితే ఆ జీవులు చచ్చిపోతాయని అందులో ఉంది. చెబుదామని వాకిట్లోకి వచ్చాను. పెదనాయిన, వీధిలోని నేతగాళ్లు నలుగురు గిన్నె చుట్టూ చేరారు. గంజి పొగలు కక్కుతోంది. రోజూ పడుగు నూలుకు గంజి పట్టించే చేతులు వాళ్లవి.

"సల్లటి గంజి పోగుకే పట్టదు, గింజకేం పడ్తది?" అన్నాడు పెదనాయిన. అందరూ తలలూపారు. అంతమంది మగవాళ్లు, నేనొక్కదాన్ని. కాగితం మడిచి లోపలికి తీసుకుపోయాను.

బాపు పొడినీ కొంత బొగ్గునూ గంజిలో పోసి మొలకల మీద కుమ్మరించి, నన్ను కలపమన్నాడు. పులిసిన వాసన. చేతులకు నల్లటి జిగురు, వేళ్లు చురుక్కుమనేంత వేడి. తెల్లటి మొలకలు నా వేళ్ల సందుల్లో మెత్తబడుతుంటే తెలుస్తూనే ఉంది. అయినా కలిపాను.

చల్లిన వారం తిరక్కముందే నారుమడి కంపు కొట్టింది. గింజ నొక్కితే చీములా కారింది. మడి నిండా ఈగలు. పొడి బోగస్ అని, సారు మోసగాడని బాపు వీధంతా చెప్పాడు. పెదనాయిన కాండ్రించి ఉమ్మాడు. వాళ్లను చూస్తే రోత పుట్టింది. నన్ను చూసుకుంటే ఇంకా ఎక్కువ.

నాట్ల వేళకు పక్క బాయి కింద పొలమున్న సాయిబును మిగులు నారు అడగడానికి బాపు వెంట నేనూ వెళ్లాను. ఆయన నారు పచ్చగా, ఒత్తుగా ఉంది. తానూ అదే పొడి, అదే ఊకబొగ్గు వాడానన్నాడు. ఎట్లా కలిపినవని బాపు అడిగాడు.

"గంజి సల్లగయినంక కలిపిన. కాయితంల గట్లనే ఉన్నదని మా బిడ్డ సదివి చెప్పింది. నీ బిడ్డ సదువలేదా అన్నా?"

బాపు నా దిక్కు తిరిగాడు. "గట్ల రాసున్నదా బిడ్డా?"

"అక్షరాలు అలుక్కపోయినయి బాపు. కనవడలే."

బాపు నమ్మాడు. ఇంటికొచ్చాక, అక్షరాలు కూడా కనబడని కాగితాలు పంచుతున్నాడని సారును ఇంకో తిట్టు ఎక్కువ తిట్టాడు. నేను లోపల కూర్చుని విన్నాను.