పెళ్లిచూపులకు నడిచొచ్చిన మంచం

వనపర్తిలో మేమున్న సందును ఊరంతా డిగ్రీ గల్లీ అనేది. ఎనభైల చివర్లో డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, ఇంటికి పోవడానికి మొహం చెల్లని వాళ్లమంతా అక్కడే గదులు తీసుకున్నాం. మా మీద జోకులకు లెక్కలేదు. గడ్డం పొడుగు చూసి ఏ ఏడు పాసయ్యాడో చెప్పేయొచ్చట. మూలమీది టీకొట్టాయన మా ముందరే అనేవాడు: "గీళ్లకు దేశాల రాజధానులన్ని తెలుసు. బియ్యంల నీళ్లెన్ని పొయ్యాల్నో తెల్వదు." నిజమే, మా అన్నం ఏనాడూ సరిగ్గా ఉడకలేదు.

ఇంకో జోకు ఉండేది. పిల్లనిచ్చేవాళ్లు వస్తున్నారంటే చాలు, గల్లీలో ఉన్న మంచం, గడియారం, టేప్‌రికార్డరు అన్నీ ఆ పిల్లవాడి గదికి నడిచిపోతాయని. అది జోకు కాదు, మా ఆచారం.

నేను మనసుపడ్డ ఆత్మకూరు పిల్ల నాతోపాటే చదివింది. మాకు దూరపు చుట్టం. ఇంట్లో అలిగి, ఏడ్చి, నన్ను చూసి రమ్మని వాళ్ల నాయనను ఒప్పించింది. ఆయన కాదంటే మాఘంలో మేనబావకిచ్చి చేసేస్తారు. నా ప్రాణమంతా ఆ మనిషి నోటి మాట మీదే ఉంది.

బస్టాండు నుంచి ఆయనను తీసుకొచ్చి తలుపు తీశాను. లోపల మంచం, దాని మీద పూల దుప్పటి, గోడకు గడియారం! పొద్దున నేను పోయేటప్పుడు చాప, కిరోసిన్ స్టవ్వు తప్ప ఏమీ లేవు. వద్దురా అని మొత్తుకున్నా వినలేదు మా గల్లీ దోస్తులు, సచ్చినోళ్లు.

"గివన్ని నీయేనా బిడ్డా?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోపే వాకిట్లోంచి మావాళ్లు "వానియే మామా!" అన్నారు. పెళ్లి తమదే అన్నట్టు వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. వాళ్ల పరువు తీయలేక తలూపాను.

ఆయన చాయ్ తాగి లేచాడు. బస్సెక్కబోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"'ఆయినకు చాప తప్ప ఏం లేదు నాయినా, గాని అబద్ధమాడడు' అన్నది నా బిడ్డ. గా మాట మీదనే వచ్చిన."

"మామా, అవి మా దోస్తులవి. నేను వద్దన్నా ఇనకుండ తెచ్చిపెట్టిండ్రు."

"తెలుసు బిడ్డా. గీ మాట గదిలనే అంటవేమో అని జరసేపు చూసిన."

బస్సు పోయింది, దాంతోపాటే సంబంధమూ. గుండె పగిలిపోయింది నాకు. ఏడుస్తూనే నడిచాను, గల్లీ దగ్గరపడ్డాక మొహం తుడుచుకున్నాను. మావాళ్లంతా ఎదురొచ్చి చుట్టుముట్టారు.

"ఏమాయెరా, ఖాయమేనా?"

"ఖాయమే" అన్నాను.