పచ్చగీత సీసాలు

ఆ ఆదివారం నేను చేసిన తప్పేమిటంటే ఖాళీ సీసాల పెట్టె ఒకటి దించకూడని ఇంట్లో దించడమని మా వాళ్లంతా అనుకుంటున్నారు. అది తప్పే, కాని వయసు మీదపడ్డ మనిషి పరాకు కింద సరిపెట్టుకోవచ్చు. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. పెట్టె ఎవరు దించారని ఆ ఇంటావిడ నిలదీసినప్పుడు నేను పక్కనున్న వ్యాను డ్రైవరు వైపు చెయ్యి చూపించాను. అతను నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. డెబ్బైకి దగ్గరపడిన వాణ్ణి, మనవలున్న వాణ్ణి, ఆ చెయ్యి ఎందుకు లేచిందో ఇన్ని రోజులుగా ఆలోచిస్తున్నా నాకు తేలడం లేదు.

మా చెల్లెలి కూతురు నెల్లూరులో ఉంటుంది. సెలవు రోజుల్లో ఎనిమిది పదిమందిని పోగుచేసి, పాతకాలం పనులు ఇంకా జరుగుతున్న ఇళ్లకు తీసుకుపోయి సగం రోజులో చూపించి తీసుకురావడం ఈ మధ్య మొదలుపెట్టింది. ఈసారి గోలీసోడా చేసే కుటుంబాలను చూపిస్తానని చెప్పి, దారి చూపే మనిషిగా నన్ను పెట్టుకుంది. ఆత్మకూరు, ఉదయగిరి రూటులో ఏళ్ల తరబడి బస్సు కండక్టరుగా తిరిగిన వాణ్ణి కాబట్టి ఆ రోడ్డు మీద ఏ ఇంటి సోడా ఎంత ఘాటో నాకు తెలుసునని దాని నమ్మకం. నేను మురిసిపోయి ఒప్పుకున్నాను. ఒప్పుకునే ముందు ఒక్క సంగతి దానికి చెప్పి ఉండవలసింది. మేము చూడబోయే మొదటి ఇంటాయన, చివరి ఇంటావిడ తోడబుట్టినవాళ్లు. రెండు డజన్ల సీసాల దగ్గర వచ్చిన తగాదాతో ముప్పై ఏళ్లుగా వాళ్లకు మాటల్లేవు. ఆ సీసాలు మోసిన బస్సులో కండక్టరును నేనే.

మన వయసు వాళ్లకు గోలీసోడా గురించి చెప్పనక్కర్లేదు కాని, తాగడమే తెలిసినవాళ్లకు దాని వెనక ఉన్న కట్టుబాటు తెలియకపోవచ్చు. సీసా ఖరీదైన వస్తువు, సోడా కాదు. అందుకని ప్రతి ఇల్లూ తన సీసాల మెడ కింద ఒక రంగు గీత పెట్టుకునేది. ఆత్మకూరు ఇంటిది నీలం, ఉదయగిరి ఇంటిది పచ్చ. ఊళ్లు తిరిగి వచ్చే ఖాళీల్లో వేరే గీత సీసా కనబడితే కడిగి పక్కన బోర్లించి, ఎవరిది వాళ్లకు పంపేవాళ్లు. దాంట్లో గ్యాసు ఎక్కించేవాళ్లు కారు. ఇంకొకరి సీసా నింపడమంటే ఇంకొకరి పొలంలో నాగలి దించడంతో సమానం.

ఆత్మకూరు ఆయన చెల్లెల్ని ఉదయగిరి ఆయనకు ఇచ్చారు. బావా బావమరుదులు రోడ్డును సగానికి పంచుకున్నారు. అనుమసముద్రంపేట దాకా ఉన్న బడ్డీ బంకులకు ఆత్మకూరు సోడా, అక్కణ్ణించి పైకి ఉదయగిరి సోడా. దారిలో బంకుల వాళ్లు ఇచ్చే ఖాళీ పెట్టెలు నా బస్సులో ఎక్కేవి. లగేజీ టికెట్టు కొట్టేవాణ్ణి కాదు. దానికి బదులు రెండు చివర్లా నాకు, డ్రైవరుకు చల్లటి సోడా ఉండేది. అప్పట్లో అది తప్పని ఎవరూ అనుకోలేదు అని రాయబోయి ఆగాను. నేను అనుకున్నాను. చెకింగు వాళ్ల జీపు కనబడితే ముందు బస్సు పైన ఎన్ని పెట్టెలున్నాయో లెక్క వేసుకునేవాణ్ణి.

ఒక ఏడాది అనుమసముద్రంపేట దర్గా గంధం ఉత్సవం రోజుల్లో, బస్సు పైన కూడా జనం కూర్చున్న సమయంలో, పచ్చగీత సీసాలున్న పెట్టె ఉదయగిరిలో దిగలేదు. ఆత్మకూరులో దిగింది. మర్నాడు ఏదో పని మీద ఆత్మకూరు వచ్చిన ఉదయగిరి ఆయన, తన సీసాలు బావమరిది మిషను పక్కన కడిగి బోర్లించి ఉండటం చూశాడు. నింపడానికే పెట్టుకున్నావని ఆయన, పంపడానికే పెట్టానని ఈయన. ఇద్దరూ బస్టాండుకొచ్చి నన్ను అడిగారు. ఎవరి పెట్టె వాళ్లకే దించినానని చెప్పాను. అప్పుడు బస్సు దగ్గర పై అధికారి ఒకాయన నిలబడి ఉన్నాడు. పెట్టె తప్పిందంటే ముందు దాని టికెట్టేదని అడుగుతాడు. ఆ మాటతో ఆత్మకూరు ఆయన దొంగయ్యాడు. కొన్నాళ్లకు నన్ను సోమశిల రూటుకు మార్చారు.

విచిత్రమేమిటంటే, ఆ అబద్ధం చెప్పిన కొద్దికాలానికే నాకు అది నిజంలా కనబడటం మొదలైంది. ఉదయగిరిలో బస్సు ఆగడం, నేను నిచ్చెనెక్కి పెట్టె అందివ్వడం, కింద ఆయన చేతులు చాచడం, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉండేవి. అదెప్పుడో వేరే రోజు జరిగి ఉండవచ్చు. జరగకుండానే నేను అల్లుకుని ఉండవచ్చు. ఏదయినా ముప్పై ఏళ్లు ఆ బొమ్మను చూసుకుంటూ నిద్రపోయాను.

ఇక ఆ ఆదివారం. ఎనిమిదిన్నరకు ఆత్మకూరు ఇంటికి చేరాము. పెద్దాయన ఈ వయసులో కూడా మిషను చక్రం తనే తిప్పాడు. సీసాలు తలకిందులుగా తిరిగి, ఆపగానే గోలీలు టక్కున మూతికి పట్టుకోవడం చూసి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకాయన విదేశాల్లో ఎక్కడో పల్లెల్లో బుడగల వైను చేసే కుటుంబాలను ఇలాగే సగం రోజు తిరిగి చూశాడట. అక్కడా సీసాలను తలకిందులు చేసి తిప్పుతారని, తాత పెట్టిన గుర్తు మనవడు కూడా పెడతాడని చెప్పాడు. అది విని పెద్దాయన నావైపు తిరిగి, "చూసినావట్రా, ఆడ కూడా మనలాంటోళ్లే ఉండారంట. నీలాంటి కండక్టరు ఉండాడో లేడో అడుగు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఏముందో నాకప్పుడు తట్టలేదు.

దారిలో తాగడానికని మా మేనకోడలు ఒక పెట్టె సోడాలు వ్యానులో పెట్టించింది. అనుమసముద్రంపేటలో దర్గా సందులో అన్నదమ్ములిద్దరు నడిపే సోడా ఇల్లు చూసి, పన్నీరు సోడా తాగి, ఉదయగిరి కొండ కనబడే వేళకు పెట్టెలో సీసాలన్నీ ఖాళీ అయ్యాయి. వ్యాను ఉదయగిరి ఇంటి ముందు ఆగింది. నేను దిగాను, వెనక తలుపు తీశాను, ఖాళీ పెట్టె ఎత్తుకుని పోయి సీసాలు కడిగే తొట్టి పక్కన దించాను. ఇందులో ఆలోచన ఏమీ లేదు. బస్సు ఆగితే పెట్టె దించడం ఈ చేతులకు అలవాటు.

ఆ ఇంటావిడ మొగుడు పోయి ఆరేళ్లయింది. కోడలితో కలిసి ఆవిడే మిషను నడుపుకుంటున్నది. వచ్చినవాళ్లకు అల్లం సోడా ఎలా కలుపుతారో చెబుతూ చెబుతూ తొట్టి వైపు చూసి ఆగిపోయింది. కోడలు అప్పటికే రెండు సీసాలు నీళ్లలో ముంచింది.

"ఆ సీసాలు కడగబాక" అని ఆవిడ కోడల్ని ఆపింది. తడి సీసా ఒకటి తీసి, నీలం గీత మీద బొటనవేలు పెట్టి రుద్దింది, రంగు ఊడి వస్తుందేమోనన్నట్టు. "మా అన్న సీసాలు నా తొట్టికాడికి ఎట్టొచ్చినాయి? ఎవురు దించినారీ పెట్టె? రేపు నేనుగూడా దొంగనేనా?"

ఇందాక చెప్పిన చెయ్యి అప్పుడు లేచింది. డ్రైవరే దించినట్టున్నాడని నా నోరు అన్నది. ఆవిడ మిషను ఆపేసింది. అల్లం సోడా ఎవరూ తాగలేదు. తిరుగుదారిలో మా మేనకోడలు డ్రైవరును, అడగకుండా సామాను ఎందుకు ముట్టుకుంటావని గట్టిగానే మందలించింది. ఇద్దరు పిల్లల తండ్రి అతను, గేరు మార్చుకుంటూ సారీ అమ్మా అన్నాడు. పెట్టె ఉదయగిరిలోనే ఉండిపోయింది. ఆత్మకూరులో నేను దిగుతుంటే అతను మెల్లగా, "పోనీలే పెద్దాయనా, నాకు మాటలు పడటం అలవాటే" అన్నాడు.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. పెట్టె దించిన సంగతి నా చేతులకే తెలుసు, ఆవిడ అడిగేదాకా నాకు తట్టలేదు. అయితే ఆ గంధం రోజు కూడా ఇంతేనా? నా కళ్లకు కట్టిన ఆ నిచ్చెన, చాచిన చేతులు, అవి ఎవరివి? ఉద్యోగం కోసం చెప్పానా, నిజమనుకునే చెప్పానా? ఎంత వెనక్కి పోయినా రెండూ కలిసిపోయి కనబడుతున్నాయి. ఒకటి మాత్రం ఆదివారం నాడు పగటి వెలుతురులో చూశాను. అడిగినవాళ్లకు ఎదురుగా ఎవరు దొరికితే వాళ్లను చూపించే మనిషిని నేను.

సోమవారం మా మేనకోడలికి ఫోను చేసి పెట్టె దించింది నేనేనని చెప్పాను. అది, "మామా, డ్రైవరన్న చేత నేను సారీ చెప్పించుకున్నానే" అంది. డ్రైవరు నంబరు తీసుకుని అతనికీ చెప్పాను. మంగళవారం బస్సెక్కి ఉదయగిరి పోయాను.

ఆవిడ సీసాల మెడలో రబ్బరు రింగులు మారుస్తూ కూర్చుని ఉంది. మొన్నటి పెట్టె, ఆనాటి పెట్టె, రెండూ దించింది నేనేనని చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ పని ఆపలేదు.

"మా ఆయన పోయిన్రోజు మా అన్న వచ్చినాడు, కండక్టరన్నా" అంది చివరికి. "ఆ సందు మలుపుకాడ నిలబడినాడు. నేను రమ్మంటే వచ్చేవోడే. చచ్చినోడి మాట తీసెయ్యకూడదని పిలవలేదు. నువ్వు ఆ పొద్దు ఒక్క మాట చెప్పుంటే..." రింగు ఒకటి కింద పడితే వెతికి తీసుకుంది. కాసేపటికి నీలం గీత పెట్టె నావైపు నెట్టి, "తీసకపో. ఈసారన్నా సరైన ఇంట్లో దించు" అంది.

ఆ పెట్టె ఆత్మకూరు ఇంటి గడపలో దించి పెద్దాయనకు మళ్లీ అదంతా చెప్పాను. కోప్పడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను.

"నువ్వే దించినావని నాకు తెలుసు గదరా" అన్నాడు. "దించుకున్నోణ్ణి నేనే గదా. నీ పక్కన ఆఫీసరు ఉండాడు. నిజం చెప్తే నీ ఉద్యోగం పోతాది. బావ నాలుగు రోజుల్లో చల్లబడతాడులే అనుకున్నా. ఆయన చల్లబడలే, నువ్వు మళ్లా ఈ గడపకు రాలే."

నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. గోనెపట్టా కింద పెట్టె ఉంది. అందులో రెండు డజన్ల పచ్చగీత సీసాలు, బూజుపట్టి, రబ్బర్లు పిప్పయిపోయి, ఒక్కదాంట్లోనూ ఒక్కసారీ గ్యాసు ఎక్కకుండా. చెల్లెలు వస్తే ఆమె చేతికే ఇద్దామని ఉంచాడట. నాకు అప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు. నన్ను కాపాడమని నేను అడగలేదు. ఎందుకు కాపాడావని అడిగే ముఖం నాకు లేదు.

మరుసటి వారం ఆ పెట్టెను నేనే బస్సులో పెట్టాను. కండక్టరు ఒక చిన్నమ్మాయి. దీనికెందుకులే పెద్దాయనా అంటున్నా వినకుండా లగేజీ టికెట్టు కొట్టించుకున్నాను. ఆత్మకూరు పెద్దాయన ముందు రానన్నాడు. బస్సు కదిలే ముందు కొత్త రబ్బరు రింగుల పొట్లం చేత్తో పట్టుకుని ఎక్కాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ, ఫలానా బంకు ఉండేది, ఫలానా బంకు ఉండేదని వేలు పెట్టి చూపించాడే తప్ప వేరే మాట లేదు. ఆ బంకులున్న చోట్ల ఇప్పుడు ఫ్రిజ్జులున్నాయి. వాటి ముందు తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాలున్నాయి. వాటి మీద ఏ ఇంటి గీతా లేదు. వాటిని తిరిగి తెచ్చివ్వమని ఎవరూ అడగరు. తప్పు ఇంట్లో దించే భయం ఎవరికీ లేదు. అది సుఖమో కాదో నాకు తెలియదు.

ఉదయగిరిలో దిగాక ఆయన సందు మలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను పెట్టె మోసుకుపోయి తొట్టి పక్కన దించాను. ఆవిడ ఒక సీసా తీసి, వెలుతురుకు పట్టి, లోపలి బూజు చూసింది.

"నింపలేదు" అంది.

లేదన్నాను.

"రింగులు ఏయి? ఇవన్నీ మార్చాల."

రింగులు మలుపు దగ్గరున్న మనిషి చేతిలో ఉన్నాయని చెప్పాను. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది, కోడల్ని పంపలేదు, తనే బయటికి నడిచింది. నేను వెంట పోలేదు. అక్కడ వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, మాట్లాడుకున్నారో లేదో కూడా నాకు తెలియదు. చొక్కా చేతులు మడిచి తొట్టి ముందు కూర్చుని, బ్రష్షు తీసుకుని, పచ్చగీత సీసాలు ఒక్కొక్కటే కడిగి బోర్లించాను.