నాలుగు వందల అరవై ఒక్క గంపలు

2019 మే నెల. కడప దగ్గర ఒక చేనేత పల్లె. ఇంటి గోడ చీలిందని మగ్గం నేసే ఓబులేసు నన్ను పిలిపించాడు. ప్రభుత్వ కట్టడాల ఇంజనీరుగా నేను రిటైరై అప్పటికి నాలుగేళ్లు.

అది మట్టిమిద్దె. దూలాలు, వాటి మీద బండలు, ఆ పైన నీరు దిగనీయని చవుడు మన్ను. వానకు ఉరవకుండా ఏటా ఒక పొర పోస్తారు. పాతది ఎవరూ తీయరు. ఆ బరువుకే గోడ చీలింది; భూమి కదిలిన రోజు మనుషుల ప్రాణం తీసేదీ ఆ బరువే. సరిగ్గా దాని కిందే మగ్గం, ఐదుగురి పడకలు.

"కప్పు తేలిగ్గా ఉండాలి. ఊగినప్పుడు విరగకుండా వంగాలి" అన్నాను. ఆ వంగే గుణాన్ని మేము డక్టిలిటీ అంటాం. సుత్తితో కొట్టి చూపించాను. బండ ముక్క పగిలింది, ఇనుప చువ్వ వంగింది.

"తడి పోగు మాదిరి. ఎండిందైతే పటుక్కున తెగతాది" అన్నాడు ఓబులేసు.

అతని తల్లి సుబ్బమ్మ ఒప్పుకోలేదు. "మా మామ కట్టిన మిద్దె. ఏటేటా మన్ను పోస్తానే ఉండాం, ఏమైంది? రేకులేస్తే ఆ ఎండకు నూలు నిలుస్తాదా?"

నూలు సంగతి న్యాయమే. రెండు పలుచని ఉక్కు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెల్ వేస్తే వేడి దిగదని చెప్పాను. పైనున్న మన్ను పదమూడున్నర టన్నులని కూడా చెప్పాను.

"టన్నులంటే నాకేం తెలుసు, ఇంజనీరమ్మా? గంపల్లో చెప్పు."

మిద్దె ఇరవై అడుగులకు పదిహేను, నడుమ చువ్వ దించి చూస్తే మన్ను మందం ఒక అడుగు. ఘనపుటడుగుకు నలభై ఐదు కిలోలు, గంపకు ముప్ఫై. "నాలుగొందల యాభై గంపలు, పెద్దమ్మా."

"అబద్ధం! రెండొందలు దాటితే నీ మాట వింటా. దాటకుంటే దించిన మన్నంతా మళ్లా నువ్వే పైకెత్తాల."

"ఎత్తుతా."

రెండు రోజులు దించారు. సుబ్బమ్మ వాకిట్లో కూర్చుని గంపకొక చింతగింజ వేసింది. రెండు వందలు దాటాయి. ఆమె లేవలేదు, లెక్క ఆపలేదు. చివరి గింజ 461. వీధిలో కుప్ప వైపు చూసింది.

"దీని కింద పిల్లోల్లను పండబెట్టినానే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "కొత్త కప్పు ఎన్ని గంపలు?"

ఉక్కు గొట్టాలు, ప్యానెళ్లు కలిపి ఆరు వందల కిలోలు. "ఇరవై."

"ఇరవయ్యేనా! ఇంకేం, ఎయ్యిప్పా ఓబులేసూ!"

ఆ వేసవిలోనే బండలు, దూలాలూ దించి, గోడ చీలిక పూడ్చి కొత్త కప్పు వేశాం. ఆ ఏడు వానలకు కప్పు ఉరవలేదు, మగ్గం ఒక్క రోజు ఆగలేదు. మరుసటి ఏడు అదే వీధిలో మూడు మిద్దెల మన్ను దిగింది. మూడు వాకిళ్లలోనూ చింతగింజలతో సుబ్బమ్మే కూర్చుంది.

నా లెక్కలో పదకొండు గంపలు తప్పాయి. పిట్టగోడల వెంబడి మన్ను మందంగా ఉంది, అక్కడ నేను చువ్వ దించి చూడలేదు. ఇప్పుడు అంచుల్లోనూ చూస్తున్నాను. అంచనా కాగితంలో టన్నుల పక్కన గంపలు కూడా రాస్తున్నాను. ఆ కప్పు కింద పడుకునే వాళ్లకు అర్థమైతేనే అది లెక్క.