మాడిశెట్టి వారి తోకచుక్క

హనుమకొండ చౌరస్తాలోని బట్టల దుకాణం షట్టర్ ఎత్తగానే చంద్రమౌళి దీపం పెడతాడు, తర్వాత కంప్యూటర్ తెరుస్తాడు. విదేశంలో ఉన్న ఒక టెలిస్కోపును ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకుంటాడు. అది తీసిన ఫొటోలు పొద్దుటికల్లా వచ్చి ఉంటాయి. ఆకాశంలో ఒకే చోటును వరుసగా తీసిన ఫొటోలవి. నక్షత్రాలు కదలవు. కదిలే చుక్క కనిపిస్తే అది గ్రహశకలం కావచ్చు. ఇరవై ఏళ్లలో అలాంటివి కొన్ని పట్టుకున్నాడు. వాటికి ఇప్పటికీ నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు.

"ఆకాశంల రాళ్లు దొరికినయి సరే సేటూ, అవి పాతి ప్లాట్లెప్పుడు కొడ్తవు?" అంటాడు పక్క దుకాణం ఓంప్రకాశ్.

చంద్రమౌళికి కావలసింది తోకచుక్క. దానికి కనిపెట్టినవారి ఇంటిపేరే పెడతారు.

నాలుగేళ్ల కిందట, కూతురు స్రవంతి పెళ్లి పనుల మధ్య అది దొరికింది. మసక చుక్క, వెనక పొట్టి తోక. మర్నాటి ఫొటోల్లో కాస్త జరిగి కనిపించింది. కొత్తవాటిని నమోదు చేసే అంతర్జాతీయ కేంద్రానికి మెయిల్ రాసి, పంపే ముందు అన్న సుదర్శన్‌కు చూపించాడు. ఆ ఇంట్లో అన్నకు చెప్పకుండా కొత్త పని మొదలుపెట్టరు.

"పెండ్లికార్డు మీద మాడిశెట్టి, తోకచుక్క మీద మాడిశెట్టా? అరిష్టమంటరు. వియ్యంకులు ఇంటే ఏమనుకుంటరు?"

"అవన్నీ ఉత్త ముచ్చట్లన్నా."

"నాకెరుకేరా. వాళ్లకెరుకనా? జర నాలుగు రోజులు ఆగు. ఆదివారం పెండ్లైపోతది. ఆకాశంలున్నది యాడికి పోతాంది?"

అది ఎక్కడికీ పోదని చంద్రమౌళికి తెలుసు. దాన్ని వెతికే కళ్లు వేరేవి కూడా ఉన్నాయనీ తెలుసు. అయినా కంప్యూటర్ మూసి, పందిరి వాళ్లతో మాట్లాడటానికి వెళ్లాడు.

పెళ్లి బాగా జరిగింది. సోమవారం మెయిల్ పంపితే రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. శుక్రవారమే మరొకరు తెలియజేశారట. ఆ తోకచుక్క ఇప్పుడు ఏ దేశపు వాడిదో ఇంటిపేరుతో తిరుగుతోంది.

మొన్న కూతురూ అల్లుడూ పుట్టింటి ఒడిబియ్యానికి వచ్చినప్పుడు, అందరూ భోజనాల దగ్గర ఉండగా, స్రవంతి ఈ సంగతి బయటపెట్టింది. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే అల్లుడు భరత్ చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నాకొక్క ఫోన్ కొట్టొద్దా మామయ్యా? పెండ్లి ఫ్లెక్సీ మీదనే తోకచుక్క బొమ్మ ఏపిస్తుంటి గదా! మా నాయిన ఊరంతా చెప్పుకుంట తిరుగుతుండె."

సుదర్శన్ తల ఎత్తలేదు. అన్నను ఒక మాట అనడానికి చంద్రమౌళికి అంతకన్నా మంచి అదను దొరకదు.

"తిను భరత్," అన్నాడు. "కూర చల్లారుతాంది."