నడుం మీద ఈకలు వచ్చేదాకా

రెండు నెలల కోడిపిల్లని చేతికిస్తే, అది పెట్టో పుంజో ఖాయంగా చెప్పగలరా మీరు?

మా ఎదురింటి మామ్మగారు చెప్పేవారు కాదు. మొన్న ఆదివారం, ఆరాధనకని తెల్లచీర తీసి పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారావిడ.

మొగల్తూరు రోడ్డు వారన మా వీధిలో ఏ ఇంట కష్టం వచ్చినా మామ్మగారు ఓ పెట్టని ఇచ్చేవారు. పుంజునిస్తే ఒకపూట కూర. పెట్టనిస్తే గుడ్లు, పిల్లలు, మళ్లీ పెరడంతా సందడి.

కాలువ అవతల బట్టలు కుట్టుకునే అమ్మాయికి భర్త పోయినప్పుడు మాత్రం, జాలి ఆపుకోలేక ఓ చిన్న కోడిపిల్లని పట్టుకెళ్లి ఇచ్చేశారు. తల మీద తురాయి చిన్నగా, పాలిపోయి ఉంది. పెట్టే అనుకున్నారు. ఆ ఇంటి పాప నూకలు వేసి పెంచింది. ఓ తెల్లవారుజామున అది చూరెక్కి కూసింది! కూత విన్న మరిది పందేనికి పట్టుకుపోయాడు. బరిలోంచి అది తిరిగి రాలేదు. పాప ఆ పూట అన్నం ముట్టలేదు.

ప్రభువుని ఎరగనని బొంకి, కోడి కూత విని కుమిలి ఏడ్చిన శిష్యుడి గురించి ఎన్ని సువార్త మీటింగుల్లో గొంతు చించుకున్నానో! ఆ కన్నీళ్లు కళ్లారా చూసింది మాత్రం మామ్మగారి ముఖంలోనే.

"నీకు పెట్టనిచ్చి తీరతానమ్మా" అని ఆ అమ్మాయికి మాటిచ్చారు.

తర్వాత పొదిగిన వాటిలో ఓ నల్లపిల్ల మీద ఆశ పెట్టుకున్నారు. నాకు ఆత్రం.

"ఏంటండీ మామ్మగారూ, ఇంకా ఎన్నాళ్లండి? కాళ్లు చూడండి ఎంత సన్నగా ఉన్నాయో. పెట్టేనండి, ఇచ్చేయండి!"

"బ్రదర్ గారూ, స్టేజీ మీద అరిచినట్టు దాని మీద అరవకండి, బెదిరిపోద్ది. తోక మొదట్లో, నడుం మీద ఈకలు రానివ్వండి. సూదిగా జారితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. మనం తొందరపడితే ఆ పాప మళ్లీ ఏడవాలి."

గోధుమల్లో మొలిచిన గురుగులు పీకేస్తామన్న పనివాళ్లని, పైరు కూడా ఊడొస్తుందని కోతదాకా ఆగమన్న యజమాని గురించి నేను మైకులో చెప్పాను. ఆవిడ పెరట్లో చేసి చూపించారు. మనుషుల విషయంలోనూ అంతే. తాగి తిరిగే కుర్రాణ్ణి ఎవరైనా తిడితే, "వాడికింకా ఈకలు రాలేదండి, ఆగండి" అనేవారు.

పోయే ముందురోజు, శనివారం సాయంత్రం నన్ను కేకేశారు. పిల్లని ఒళ్లో పెట్టుకుని, నడుం మీద వేలితో నిమిరి చూపించారు.

"చూశారా, గుండ్రంగా వచ్చాయి. రేపు ప్రార్థన అయ్యాక ఇద్దరం వెళ్లి ఇచ్చొద్దామండి."

తెల్లారింది గానీ, ప్రార్థన వేళకి ఆవిడ లేరు.

సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. చుట్టాలు ఆ పెట్టని చూసి, జ్ఞాపకార్థ కూడిక భోజనాల్లోకి కోసేద్దామన్నారు. కోయనివ్వలేదు నేను! గంపతో సహా ఎత్తుకొచ్చేశాను. ఇది రాస్తుంటే నా కాళ్ల దగ్గర ముక్కుతో గంప పొడుస్తోంది.

తెలియనిదాని మీద తీర్పు చెప్పకుండా ఎన్నాళ్లయినా ఆగిన మనిషి ఆవిడ. తెలిశాక ఒక్క రాత్రే ఆగారు. ఆ ఒక్క రాత్రి చాలదా మనల్ని కుదిపి లేపడానికి?

పెన్ను పక్కన పెట్టి, పెట్టని చంకలో పెట్టుకుని, కాలువ దాటబోతున్నాను. మీరిచ్చిన మాట కోసం ఏ గుమ్మంలో ఎవరు ఎదురు చూస్తున్నారో మీకు తెలుసు. రేపనకండి. లేవండి, ఈ రోజే వెళ్లండి!